ఫొటోలు తీస్తారా? డిజైన్లు చేస్తారా? ఆన్‌లైన్‌లో డబ్బు సంపాదించే దారులివే.. అప్‌లోడ్ చేసే ముందు ఇవి తెలుసుకోండి

ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి. మూఢమి వచ్చినా అంతే. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో ఫొటో స్టూడియోల్లో కెమెరాలు బ్యాగుల్లోనే ఉండిపోతాయి. షాపు అద్దె, లెన్స్ ఈఎంఐ మాత్రం ఆగవు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్ల పరిస్థితి కూడా దాదాపు ఇదే. మరోవైపు హార్డ్‌డిస్కుల్లో వేల ఫొటోలు, పాత డిజైన్లు ఊరికే పడి ఉంటాయి. వాటిని ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా అంటే.. అమ్ముకోవచ్చు. అయితే "ఇంట్లో కూర్చొని నెలకు లక్షలు" అని రీల్స్‌లో చెప్పే మాటకు, అసలు లెక్కకు చాలా తేడా ఉంది. పైగా మీరు తీసిన ప్రతి ఫొటోను అమ్మే హక్కు మీకు ఉండకపోవచ్చు. ఏ దారిలో ఎంత వస్తుంది, ఎక్కడ చిక్కుకుంటాం.. పూర్తి వివరాలు మీకోసం.

ముందు ఇది అర్థం చేసుకోండి

ఆన్‌లైన్ సంపాదన రెండు రకాలు. మొదటిది పనికి డబ్బు. క్లయింట్ లోగో అడుగుతాడు, మీరు చేసిస్తారు, డబ్బు వస్తుంది. పని ఆగితే రాబడీ ఆగుతుంది. కాకపోతే చేతికి త్వరగా అందుతుంది.

రెండోది లైసెన్స్ డబ్బు. ఒకసారి తీసిన ఫొటో లేదా చేసిన టెంప్లేట్‌ను సైట్‌లో పెడతారు. కొన్నవాళ్లు దాన్ని వాడుకునే అనుమతికి డబ్బు కడతారు. ఆ ఫొటో మీదే, మళ్లీ ఇంకొకరికి అమ్ముడవుతుంది. వినడానికి బాగుంటుంది కానీ ఇది చాలా నెమ్మది. నెలల తరబడి ఒక్క రూపాయి రాకపోవచ్చు.

అందుకే ఇల్లు గడవడానికి మొదటిదాన్ని, ఖాళీ రోజుల్లో పెంచుకోవడానికి రెండోదాన్ని పెట్టుకోవాలి. రెండోదాన్నే నమ్ముకొని చేస్తున్న పని మానేయడం మాత్రం పొరపాటు.

స్టాక్ సైట్లలో ఎంత వస్తుంది?

ప్రకటనల కంపెనీలు, పత్రికలు, వెబ్‌సైట్లు ఫొటోలు కొనే చోట్లను స్టాక్ సైట్లు అంటారు. షటర్‌స్టాక్, అడోబ్ స్టాక్, ఐస్టాక్, అలమీ వీటిలో పేరున్నవి. చేరడానికి ఫీజు లేదు. చేరమని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

అడోబ్ స్టాక్ ఫొటోలు, వెక్టర్ డిజైన్లపై 33 శాతం, వీడియోలపై 35 శాతం ఇస్తుంది. షటర్‌స్టాక్‌లో లెవెల్స్ ఉంటాయి. ఏడాదిలో ఎన్ని డౌన్‌లోడ్లు అయ్యాయన్నదాన్ని బట్టి 15 నుంచి 40 శాతం వరకు ఇస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రతి జనవరి 1న లెవెల్ మళ్లీ మొదటికి వస్తుంది. ఐస్టాక్‌లో వేరే చోట కూడా అమ్ముకునేవాళ్లకు ఫొటోపై 15 శాతం నుంచి మొదలవుతుంది.

శాతాలు చూసి మురిసిపోవద్దు. కొనేవాళ్లలో చాలామంది నెలవారీ సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటారు కాబట్టి ఒక్కో డౌన్‌లోడ్‌కు మీకు వచ్చేది సెంట్లలోనే ఉంటుంది. షటర్‌స్టాక్‌లో 10 సెంట్లు మాత్రమే వచ్చే అమ్మకాలు మామూలే. ఆ లెక్కన 25 డాలర్లు చేరాలంటే 250 డౌన్‌లోడ్లు కావాలి. అడోబ్ స్టాక్‌లో ఖాతాలో 25 డాలర్లు చేరాకే డబ్బు తీసుకోవడానికి వీలవుతుంది. పది ఫొటోలు పెట్టి నెల రోజులు చూసి "ఇదంతా వేస్ట్" అనుకునేవాళ్లు ఎక్కువ. వందల్లో మంచి ఫొటోలు ఉన్నప్పుడే ఇది రాబడిలా కనిపిస్తుంది.

ఒక ఊరట ఏమిటంటే, ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం చేసుకోనంత వరకు ఒకే ఫొటోను నాలుగు సైట్లలోనూ పెట్టుకోవచ్చు. ఈ రేట్లను సైట్లు మారుస్తుంటాయి కాబట్టి చేరేరోజు మరోసారి చూసుకోండి.

ఎలాంటి ఫొటోలు అమ్ముడవుతాయి?

సూర్యాస్తమయాలు, పువ్వులు, పిల్లి పిల్లలు.. ఇవి ఇప్పటికే లక్షల్లో ఉన్నాయి. మీ దగ్గర ఉండి, వేరే దేశంలోని ఫొటోగ్రాఫర్ దగ్గర లేనిది ఏమిటో ఆలోచించండి. గుంటూరు మిర్చి యార్డులో ఎర్రటి రాశులు. పోచంపల్లి మగ్గం మీద ఇక్కత్ నేత. కొండపల్లి బొమ్మకు రంగులు వేస్తున్న చేతులు. వేసవిలో ఇంట్లో ఆవకాయ కలపడం. ఉగాది పచ్చడి గిన్నె. టీ కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్న చేయి. పొలం గట్టు మీద ఫోన్ చూస్తున్న రైతు. బ్యాంకులు, యాప్‌లు, పత్రికలకు ఇలాంటి మామూలు భారతీయ జీవితం కావాలి.

ఫొటోలో ఒక పక్క ఖాళీ వదిలి తీయండి. ప్రకటన చేసేవాళ్లు అక్షరాలు అక్కడే పెట్టుకుంటారు. ఒకే సీన్‌ను నిలువుగా, అడ్డంగా రెండు రకాలుగా తీస్తే మొబైల్‌కూ, వెబ్‌సైట్‌కూ పనికొస్తుంది. పండగ ఫొటోలను పండగ రోజు పెడితే లాభం లేదు. ప్రకటనలు ముందే తయారవుతాయి కాబట్టి సంక్రాంతి ముగ్గుల ఫొటోలు కనీసం రెండు, మూడు నెలల ముందే సైట్‌లో ఉండాలి. అంటే ఈ ఏడాది తీసినవి వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

ఫోన్ ఫొటోలు కూడా తీసుకుంటారు. షటర్‌స్టాక్, అడోబ్ స్టాక్ రెండింటిలోనూ కనీసం 4 మెగాపిక్సెల్స్ ఉంటే చాలు. కానీ ఫోకస్ తప్పినా, నాయిస్ ఎక్కువున్నా, బ్యాక్‌గ్రౌండ్‌లో కంపెనీ లోగో కనిపించినా తిప్పి పంపిస్తారు. వాట్సాప్‌లో వచ్చిన కాపీని పెట్టొద్దు, క్వాలిటీ పోతుంది. ఒరిజినల్ ఫైలే వాడాలి.

కీవర్డ్స్ దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. కొనేవాళ్లు వెతికేది ఇంగ్లిష్‌లో కాబట్టి కీవర్డ్స్ కూడా ఇంగ్లిష్‌లోనే రాయాలి. అడోబ్ స్టాక్‌లో 49 వరకు, షటర్‌స్టాక్‌లో 50 వరకు ఇవ్వొచ్చు. అడోబ్‌లో మొదటి 10 పదాలకే ఎక్కువ విలువ. ఊరి పేరు, పని పేరు, వస్తువు పేరు ముందు రాయండి. సంబంధం లేని పదాలు కుక్కితే నష్టమే తప్ప లాభం లేదు.

మనుషులు కనిపిస్తే సంతకం కావాలి

ఫొటోలో ఉన్న వ్యక్తిని గుర్తుపట్టగలిగితే, దాన్ని ప్రకటనలకు అమ్మడానికి ఆ వ్యక్తి సంతకం చేసిన మోడల్ రిలీజ్ పత్రం కావాలి. ఫారాలు ఆయా సైట్లలోనే దొరుకుతాయి. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లి, తండ్రి లేదా సంరక్షకులు సంతకం చేయాలి. సొంత చెల్లెలి ఫొటో అయినా, మీ సెల్ఫీ అయినా ఈ పత్రం ఉండాల్సిందే.

బతుకమ్మ, జాతర, సంత లాంటి చోట్ల అందరి సంతకాలు తీసుకోవడం అయ్యే పని కాదు. అలాంటివాటిని ఎడిటోరియల్ కేటగిరీలో పెట్టాలి. వాటిని వార్తలకు, వ్యాసాలకు వాడతారు, ప్రకటనలకు వాడకూడదు. షటర్‌స్టాక్, అలమీ ఈ రకం ఫొటోలు తీసుకుంటాయి. ఎక్కడ, ఎప్పుడు తీశారో క్యాప్షన్‌లో ఉన్నది ఉన్నట్టు రాయాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర కమర్షియల్ షూట్ చేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

పెళ్లి ఫొటోలు ఎవరివి? చాలామందికి తెలియని రూల్ ఇదే

"నేను తీశాను కాబట్టి ఫొటో నాదే" అనుకుంటారు. మామూలుగా అయితే నిజమే. మీరు మీ ఇష్టంతో తీసిన ఫొటోకు కాపీరైట్ మీదే, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కానీ 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ మరో మాట చెబుతోంది. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న వ్యక్తే మొదటి హక్కుదారు. అంటే పెళ్లి, బారసాల, షష్టిపూర్తి ఫొటోలు.. ఒప్పందం లేకుంటే.. కస్టమర్‌వే.

ఇప్పుడు ఆలోచించండి. హార్డ్‌డిస్కులో ఉన్న వేల పెళ్లి ఫొటోలను స్టాక్ సైట్‌లో పెట్టేస్తే ఏమవుతుంది? ఒకరోజు ఆ పెళ్లికూతురు ఫొటో ఏ నగల షాపు ప్రకటనలోనో కనిపిస్తుంది. వాళ్లు మీ షాపుకొచ్చి అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉండదు. చిన్న ఊళ్లో డబ్బు కన్నా ముందు పేరు పోతుంది. సైట్ కూడా ఖాతా మూసేయొచ్చు.

దీనికి పరిష్కారం తేలికే. బుకింగ్ రసీదులోనే రెండు వాక్యాలు రాయించండి. కాపీరైట్ ఎవరిది, మీ ప్రచారం కోసం ఏ ఫొటోలు వాడుకోవచ్చు అన్నది స్పష్టంగా ఉండాలి. రెండు వైపులా సంతకాలు ఉండాలి. కాపీరైట్ మీ దగ్గరే ఉన్నా, మనిషి ముఖం ఉన్న ఫొటోను స్టాక్‌లో అమ్మడానికి మోడల్ రిలీజ్ విడిగా కావాలి. అసలు గొడవే వద్దనుకుంటే పెళ్లిలో మనుషులు లేని వివరాలను వేరే రోజు, మీ ఖర్చుతో తీయండి. తలంబ్రాలు, మంగళసూత్రం, కొబ్బరిబోండాం, అరటాకు భోజనం.. ఇవన్నీ అమ్ముడయ్యే సబ్జెక్టులే.

డిజైనర్లకు ఫ్రీలాన్స్ పని

లోగోలు, పోస్టర్లు, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్, సోషల్ మీడియా పోస్టులు, ఫొటో రీటచింగ్.. వీటికి ఫైవర్, అప్‌వర్క్ లాంటి సైట్లలో పని దొరుకుతుంది. ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. 50 డాలర్ల పని చేస్తే మీకు వచ్చేది 40 డాలర్లు. అప్‌వర్క్‌లో 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులపై ఫీజు 0 నుంచి 15 శాతం మధ్య ఉంటోంది. అక్కడ ప్రపోజల్ పంపడానికి కనెక్ట్స్ అనే పాయింట్లు ఖర్చవుతాయి, అయిపోతే కొనుక్కోవాలి. అందుకే కనిపించిన ప్రతి పనికీ అప్లై చేయకుండా, మీకు బాగా వచ్చిన పనికే పంపండి.

99డిజైన్స్‌లో పోటీల పద్ధతి ఉంది. చాలామంది డిజైన్లు పంపుతారు, గెలిచినవాళ్లకే డబ్బు. ప్రాక్టీస్‌కు, పోర్ట్‌ఫోలియోకు మంచిదే కానీ ఇంటి ఖర్చులకు దీన్ని నమ్ముకోలేం.

"అన్ని డిజైన్లూ చేస్తాం" అని పెట్టేవాళ్లకన్నా ఒకే పని చెప్పేవాళ్లకు పిలుపులు త్వరగా వస్తాయి. "రెస్టారెంట్ మెనూలు చేస్తాను", "ఆన్‌లైన్ అమ్మకాలకు చీరల ఫొటోలు రీటచ్ చేస్తాను" అని చెప్పి చూడండి. పనులు చూపించడానికి బిహాన్స్‌లో ఉచితంగా పేజీ పెట్టుకోవచ్చు. 8 నుంచి 10 మంచి పనులు చాలు.

పని ఒప్పుకునే ముందు మూడు విషయాలు రాతలో ఉండాలి. ఎన్ని డిజైన్లు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి డబ్బు. "అన్నా, చిన్న మార్పే" అంటూ పదిసార్లు తిప్పించేవాళ్లు ఇక్కడా ఉంటారు, అమెరికాలోనూ ఉంటారు. నేరుగా వచ్చిన క్లయింట్ అయితే సగం అడ్వాన్స్ తీసుకోండి. పూర్తి డబ్బు అందాకే ఒరిజినల్ ఫైల్ ఇవ్వండి, అప్పటివరకు వాటర్‌మార్క్ ఉన్నదే పంపండి.

హక్కుల మాట మర్చిపోవద్దు. మన చట్టం ప్రకారం కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లుగా, ఎక్కడో రాయకపోతే భారత్‌లోనే అని లెక్క. అందుకే తెలిసిన క్లయింట్ ఇవన్నీ రాయమని అడుగుతాడు. మీరే ముందు రాసిస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

టెంప్లేట్లు, ప్రింట్లు అమ్మడం

ఒకసారి చేసిన డిజైన్‌ను పదిమందికి అమ్మే దారి ఇది. వెడ్డింగ్ ఇన్విటేషన్ టెంప్లేట్లు, ప్లానర్లు, లైట్‌రూమ్ ప్రీసెట్లు, ఐకాన్ సెట్లు.. ఇలాంటివి. ఎట్సీలో ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అది 4 నెలలు ఉంటుంది. అమ్ముడైతే 6.5 శాతం తీసుకుంటుంది. 5 డాలర్ల టెంప్లేట్ అమ్ముడైతే ఈ రెండింటికీ దాదాపు 53 సెంట్లు పోతాయి, పేమెంట్ ఛార్జీ అదనం. మన దేశం నుంచి కొత్త షాపు తెరవడానికి ఉన్న షరతులు ముందే చూసుకోండి.

రెడ్‌బబుల్ లాంటి ప్రింట్ ఆన్ డిమాండ్ సైట్లలో డిజైన్ మాత్రమే మీది. టీషర్టు, కప్పు ప్రింట్ చేసి పంపేది వాళ్లే. అయితే సినిమా హీరో ఫొటో, పాపులర్ డైలాగ్, క్రికెట్ జట్టు లోగో పెట్టి అమ్మితే సైట్ తీసేస్తుంది, నోటీసు కూడా రావచ్చు. అభిమానం వేరు, అమ్మకం వేరు.

తెలుగు అక్షరాలతో డిజైన్ చేసేవాళ్లకు ఒక ముఖ్య విషయం. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లకు అలవాటు పడ్డాం. కానీ అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో టెంప్లేట్ తెరిస్తే అక్షరాలు అర్థం కాని గుర్తులుగా మారిపోతాయి. కస్టమర్ పేర్లు మార్చుకునే టెంప్లేట్ అమ్మాలంటే యూనికోడ్ ఫాంటే వాడాలి. సిలికానాంధ్ర అందించిన మండలి, గిడుగు, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉండటంతో అమ్మే డిజైన్లలో కూడా వాడొచ్చు. ఫాంట్ ఫైల్‌ను విడిగా అమ్మడం మాత్రం కుదరదు. ఎక్కడో ఫ్రీగా దొరికిందని పైరసీ ఫాంట్‌తో చేసిన డిజైన్ అమ్మితే చిక్కులే.

నేర్పిస్తూ సంపాదించడం

మీ పని తీరునే వీడియోలుగా చేయొచ్చు. తక్కువ వెలుతురులో ఫొటో ఎలా తీయాలి, ఫోన్‌తో చీరల ఫొటోలు ఎలా తీయాలి లాంటి విషయాలు తెలుగులో చెబితే చూసేవాళ్లు ఉన్నారు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం వాటా క్రియేటర్‌ది. ప్రకటనల డబ్బు రాకముందే ఈ వీడియోలు చూసి లోకల్ ఆర్డర్లు రావడం కూడా లాభమే.

ఏఐ వచ్చింది కదా, ఇంకేం మిగిలింది?

ఇది అందరి భయం. సాదా బ్యాక్‌గ్రౌండ్లు, జనరల్ బొమ్మలు ఏఐ చేసేస్తోంది, ఆ పనికి ధర పడింది. సైట్ల నియమాలు కూడా వేర్వేరుగా ఉన్నాయి. అడోబ్ స్టాక్ ఏఐ బొమ్మలను తీసుకుంటుంది, కానీ ఏఐతో చేసిందని కచ్చితంగా మార్క్ చేయాలి. షటర్‌స్టాక్, గెట్టీ ఇమేజెస్ మాత్రం కంట్రిబ్యూటర్ల నుంచి ఏఐ బొమ్మలు తీసుకోవు. దాచిపెట్టి అప్‌లోడ్ చేస్తే ఖాతా పోతుంది.

నిజంగా జరిగిన జాతర, నిజంగా ఉన్న నేతన్న మగ్గం, ఫలానా షాపు వంటకం.. వీటిని ఏఐ అక్కడికి వెళ్లి తీయలేదు. చోటు, మనిషి, సంఘటన ఉన్న ఫొటోకు ఇంకా విలువ ఉంది.

డబ్బు చేతికి ఎలా వస్తుంది? పన్ను సంగతేంటి?

విదేశీ సైట్ల డబ్బు ఎక్కువగా పేపాల్ లేదా పయోనీర్ ద్వారా మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. పాన్ కార్డు, మీ పేరుతో ఉన్న బ్యాంకు ఖాతా తప్పనిసరి. పాన్‌లో, బ్యాంకులో, సైట్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే డబ్బు ఆగిపోయే ప్రమాదం ఉంది.

అమెరికా స్టాక్ సైట్లు డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపమంటాయి. దీన్ని వదిలేస్తే అమెరికా అమ్మకాల రాయల్టీపై 30 శాతం కోత పడొచ్చు. ఫారంలో పాన్ నంబరుతో భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని చూపిస్తే అది 15 శాతమే. అంటే 100 డాలర్లకు 15 డాలర్లు మిగిలినట్టే. అక్కడ కట్టిన పన్నును ఇక్కడ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు.

విదేశాల నుంచి వచ్చిన డబ్బు కూడా ఇక్కడి ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం. విదేశీ క్లయింట్ల పని ఎగుమతి కిందకు వస్తుంది, దానికి వేరే పద్ధతి ఉంది. రాబడి మొదలయ్యాక ఒకసారి సీఏను కలవండి.

ఈ మోసాలతో జాగ్రత్త

"రిజిస్ట్రేషన్ ఫీజు 999 కట్టండి, రోజూ డిజైన్ పని ఇస్తాం" అని టెలిగ్రామ్, వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లను నమ్మొద్దు. మొదట చిన్న మొత్తం ఇచ్చి నమ్మించి, తర్వాత డిపాజిట్ అడిగేది మోసమే. "టెస్ట్ కోసం" పూర్తి లోగో చేయించుకొని మాయమయ్యేవాళ్లూ ఉంటారు. క్లయింట్ పొరపాటున ఎక్కువ పంపాను, తిరిగి పంపండి అంటే ముందు బ్యాంకులో నిజంగా డబ్బు పడిందో లేదో చూసుకోండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మీ డబ్బే పోతోందని అర్థం.

మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి నెల కొత్తగా ఏమీ కొనొద్దు. మీ సొంత హక్కున్న ఫొటోల్లో 50 ఏరి, కీవర్డ్స్ రాసి రెండు సైట్లలో పెట్టండి. డిజైనర్ అయితే ఒకే రకం పనిలో 8 నమూనాలు సిద్ధం చేయండి. రెండో నెల ఫ్రీలాన్స్ సైట్‌లో ఒక ప్రొఫైల్ తెరిచి, దాంతోపాటు మీ ఊళ్లోని బట్టల షాపులు, హోటళ్లు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను కలవండి. వాళ్లకు ప్రొడక్ట్ ఫొటోలు కావాలి, వాళ్లిచ్చే డబ్బు డాలర్ల కన్నా ముందు చేతికొస్తుంది. మూడో నెల ఏ ఫొటో అమ్ముడైందో, ఏ పనికి ఫోన్ వచ్చిందో చూసి, అదే ఇంకొంచెం ఎక్కువ చేయండి.

వచ్చే ఆషాఢానికి ఇది మీ ఇల్లంతా నడపకపోవచ్చు. కనీసం లెన్స్ ఈఎంఐ కట్టినా, ఖాళీ రోజులు వృథా కానట్టే. అప్‌లోడ్ బటన్ నొక్కే ముందు మాత్రం ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేసుకోండి.. ఈ ఫొటో అమ్మే హక్కు నాకుందా? అవును అనిపిస్తేనే నొక్కండి.